సిలికాన్ గోళ్లు గ్లోవ్స్‌కు అతకట్లేదా..? నరసింహుడి వేషం వేసే పిల్లల చేతులకు ఫెవిక్విక్ ఎందుకు వద్దంటే..

నల్గొండ: స్కూల్ యాన్యువల్ డే, ఫ్యాన్సీ డ్రెస్ పోటీ, నరసింహ జయంతి.. సందర్భం ఏదైనా యాదగిరిగుట్ట, మట్టపల్లి క్షేత్రాలున్న ఉమ్మడి నల్గొండ జిల్లాలో పిల్లగాడికి నరసింహస్వామి వేషం వేయాలన్న ఆలోచన రావడం పెద్ద వింతేం కాదు. అటు పాలమూరు వైపు సింగోటం స్వామి ఉండనే ఉన్నాడు. పైగా 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ సినిమా తెలుగులోనూ వచ్చాక ఆ ఉగ్రరూపం పిల్లలకు కొత్తగా పరిచయమైంది.

కిరీటం దొరుకుతుంది. జూలు దొరుకుతుంది. ముఖానికి రంగు ఎవరో ఒకరు వేస్తారు. ఇబ్బందంతా గోళ్ల దగ్గరే. ఏ ఆయుధంతోనూ చావు లేకుండా వరం పొందిన హిరణ్యకశిపుడిని స్వామి చంపింది గోళ్లతోనే కదా.. మరి అవి సరిగ్గా లేకపోతే వేషం వేసీ లాభమేంటి? అట్టముక్క గోళ్లు చెమటకు మెత్తబడి వంగిపోతాయి. గట్టి ప్లాస్టిక్ గోళ్లు పక్కనున్న ప్రహ్లాదుడి కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకే చాలామంది మెత్తగా, వంచితే వంగే సిలికాన్ గోళ్ల వైపు చూస్తున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, ఒక జత తెల్ల గ్లోవ్స్ కొంటారు. ఇక అతికిస్తే అయిపోయినట్టే అనుకుంటారు.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఫెవికాల్ పెడితే ఆరాక పొరలా ఊడొస్తుంది. గ్లూ గన్‌తో అంటిస్తే చల్లారగానే గోరు చేతిలోకి వచ్చేస్తుంది. ఆఖరికి అందరి చెయ్యీ వెళ్లేది ఫెవిక్విక్ మీదికే. సరిగ్గా అదే చేయకూడని పని. అతకదు సరికదా, కాటన్ గ్లోవ్ మీద ఆ గమ్ పడితే చెయ్యి కాలే అవకాశం ఉంది.

కాటన్ మీద పడితే ఏమవుతుంది?

ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గమ్‌లలో ఉండేది సయనోఅక్రిలేట్ అనే రసాయనం. గాలిలో, వస్తువుల మీద ఉండే కొద్దిపాటి తేమ తగలగానే ఇది గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గాజు మీదో ప్లాస్టిక్ మీదో ఒక చుక్క వేస్తే ఆ వేడి మనకు తెలియను కూడా తెలియదు. కాటన్ సంగతి వేరు. నూలు పోగుల మధ్య గమ్ ఒక్కసారిగా పాకుతుంది. లెక్కలేనన్ని సన్నని పోగులు, ప్రతి పోగులోనూ తేమ.. దాంతో గమ్ మొత్తం ఒకేసారి గట్టిపడి, క్షణాల్లో వేడి పెరిగిపోతుంది. ఒక్కోసారి బట్టలోంచి పొగ కూడా వస్తుంది. ఉన్ని, తోలు మీద పడినా ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ గ్లోవ్ లోపల ఆరేళ్ల పిల్లాడి చెయ్యి ఉందనుకోండి. స్టేజీ ఎక్కే ముందు గోరు ఊడింది, పిల్లాడు గ్లోవ్ తొడుక్కునే ఉన్నాడు, ఎవరో జేబులోంచి ట్యూబ్ తీసి నాలుగు చుక్కలు వేశారు.. ఇది ఏ స్కూల్లోనైనా జరగగల విషయమే. బట్ట వేడెక్కుతుంది, అదే సమయంలో చర్మానికి అతుక్కుంటుంది. పిల్లాడు ఏడుస్తున్నా గ్లోవ్ తీయడానికి రాదు.

ఒకవేళ అలా జరిగితే గ్లోవ్‌ను బలవంతంగా లాగకండి. చర్మం కూడా వచ్చేస్తుంది. వెంటనే ట్యాప్ కింద పెట్టి మామూలు చల్లని నీళ్లు ధారగా పడనివ్వండి. 20 నిమిషాలు అలాగే ఉంచి, అతుక్కున్న బట్టతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టూత్‌పేస్ట్, ఐస్ పెట్టొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ పోస్తే గమ్ కరుగుతుందని కొందరు చెబుతారు. మామూలు చర్మం మీద అది నిజమే కానీ, కాలిన చోట పోస్తే మంట రెట్టింపవుతుంది.

ఇంతకీ సిలికాన్‌కు ఏదీ ఎందుకు అతకదు?

ముందుగా ఒక చిన్న తేడా. ఫోన్ చిప్‌లలో వాడే సిలికాన్ ఒక మూలకం. గోళ్లు, కేక్ అచ్చులు, వంటింటి గరిటెలు చేసే సిలికాన్ అది కాదు. ఆ మూలకాన్ని ఆక్సిజన్‌తో గొలుసులా కలిపి, దాని చుట్టూ కార్బన్, హైడ్రోజన్ అణువులను చేర్చి తయారుచేసే రబ్బరు ఇది. ఆ గొలుసు బయటివైపు ఉండే భాగాలు పక్కవాటితో స్నేహం చేయవు. చామాకు మీద నీటిబొట్టు నిలవకుండా జారిపోవడం చూశారు కదా.. సిలికాన్ మీద గమ్ పరిస్థితి దాదాపు అదే. గమ్ పరచుకుంటేనే పట్టు దొరుకుతుంది. సిలికాన్ దాన్ని పరచుకోనివ్వదు.

కేక్ దానికి అంటుకోకుండా వచ్చేది ఈ గుణం వల్లే. గ్లూ గన్ వాడేవాళ్లు టేబుల్ పాడవకుండా కింద పరిచేది కూడా సిలికాన్ మ్యాటే. దాని మీద పడిన గ్లూ చల్లారాక ఒలిచేస్తే వచ్చేస్తుంది. అలాంటప్పుడు అదే గ్లూతో సిలికాన్ గోరును అతికించాలని చూస్తే ఎలా నిలబడుతుంది చెప్పండి? కొన్నిచోట్ల గ్లూ గన్‌లో పెట్టే కడ్డీలను ‘సిలికాన్ స్టిక్’ అని అమ్ముతుంటారు. పేరు చూసి మోసపోవద్దు, అది వేడికి కరిగే వేరే ప్లాస్టిక్.

మరి దారేంటి? సిలికాన్‌కు అతికేది సిలికానే. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు, ఇక్కడ జిగురు కూడా సిలికానే అయ్యుండాలి. హార్డ్‌వేర్ షాపుల్లో, శానిటరీ షాపుల్లో అద్దాల సందులు, సింకు అంచులు మూయడానికి అమ్మే సిలికాన్ సీలెంట్ ఉంది కదా.. మనకు కావాల్సింది అదే. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్.. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. గన్‌లో పెట్టే పెద్ద గొట్టం అక్కర్లేదు, చేత్తో నొక్కే చిన్న ట్యూబ్ రెండు గ్లోవ్స్‌కు సరిపోతుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ట్యూబ్ మీద ‘100 శాతం సిలికాన్’ అని ఉండాలి. పక్కనే అదే సైజులో, అదే రంగులో అక్రిలిక్ సీలెంట్ కూడా ఉంటుంది. అది గోడల పగుళ్లకు వాడేది, మన పనికి పనికిరాదు. రెండోది పిల్లల విషయం కాబట్టి ముఖ్యం. బాత్‌రూమ్ కోసం చేసే సీలెంట్లలో బూజు పట్టకుండా మందు కలుపుతారు. పిల్లల చేతికి తగిలే వస్తువుకు అది ఎందుకు? అక్వేరియం అద్దాలకు వాడే రకం అడగండి. చేపలు బతకాలి కాబట్టి అందులో ఆ మందు ఉండదు.

మీరు కొన్నది నిజంగా సిలికానేనా?

ఆన్‌లైన్‌లో సిలికాన్ అని రాసినవన్నీ సిలికాన్ కావు. కొన్ని పీవీసీ, కొన్ని లేటెక్స్ రబ్బరు. తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది. గోరు లోపలివైపు, బయటికి కనబడని చోట ఇన్‌స్టంట్ గమ్ ఒక చిన్న చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. గోటితో గీకితే పెళుసుగా, శుభ్రంగా ఊడిపోయిందా.. అది సిలికాన్. గట్టిగా పట్టుకుని రాకపోతే పీవీసీయో, రబ్బరో. అప్పుడు చెప్పుల షాపుల్లో వాడే రకం రబ్బర్ గమ్‌తో అతికిపోయే అవకాశం ఉంది, సీలెంట్ గొడవ ఉండదు. (ఈ పరీక్ష గ్లోవ్ తగిలించకముందు, పెద్దవాళ్లు మాత్రమే చేయాలి.) నిప్పు పెట్టి చూసే పద్ధతి కూడా ఉంది కానీ, అది పీవీసీ అయితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో వద్దు.

అతికించే పద్ధతి ఇదీ..

ముందు గోళ్లను గిన్నెలు తోమే సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. అచ్చులోంచి తీసేటప్పుడు పూసిన నూనె వాటి మీద మిగిలి ఉంటుంది, అది ఉంటే సిలికాన్ కూడా సిలికాన్‌కు అంటదు. తర్వాత మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. శానిటైజర్ వాడొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది.

గ్లోవ్స్ విషయానికొస్తే, పరేడ్‌లకు వేసుకునే తెల్ల కాటన్ గ్లోవ్స్ బాగా పనికొస్తాయి. నునుపైన బట్ట కంటే కాస్త గరుకు నేత ఉన్నదే మంచిది. కారణం ఉంది. సిలికాన్ సీలెంట్ గోరుతో రసాయనికంగా కలుస్తుంది కానీ, బట్టతో అలా కలవదు. పోగుల సందుల్లోకి దూరి, అక్కడ గట్టిపడి, కొక్కెంలా పట్టుకుంటుంది. ఆ సందుల్లోకి దూరనివ్వకపోతే మీరెంత సీలెంట్ పూసినా పైపైన తేలుతుంది. ఇంట్లో చేసిన గోళ్లు చాలావరకు ఊడిపోయేది ఇందుకే. తప్పు గమ్‌ది కాదు, దాన్ని బట్టలోకి రుద్దకపోవడం.

గ్లోవ్‌ను టేబుల్ మీద పరిచి అతికించవద్దు. సీలెంట్ లోపలికి దిగి పైబట్టను, కిందిబట్టను కలిపేస్తుంది. ఇక వేలు దూరదు. ఒక పల్చటి పాలిథిన్ గ్లోవ్‌ను బియ్యంతో నింపి ముడివేయండి, దాన్ని బట్ట గ్లోవ్ లోపల పెట్టండి. వేలు ఆకారం వస్తుంది, పాలిథిన్‌కు సిలికాన్ పెద్దగా అంటుకోదు. ఇంకో లాభం కూడా ఉంది. వేలు తొడిగినప్పుడు బట్ట ఎంత సాగుతుందో అంత సాగిన స్థితిలోనే గోరు అతుకుతుంది. చదునుగా ఉన్నప్పుడు అతికిస్తే, తొడుక్కోగానే బట్ట సాగి అంచు దగ్గర లేచిపోతుంది.

ఇప్పుడు సీలెంట్‌ను వేలి కొన మీద కొద్దిగా పెట్టి, ఐస్‌క్రీం పుల్లతో నేతలోకి బాగా రుద్దండి. బట్ట తడిసినట్టు కనిపించాలి. దాని మీద ఇంకో పల్చటి పొర వేసి, గోరు అడుగున కూడా పూసి నొక్కండి. పక్కలకు వచ్చినదాన్ని తుడిచేయకుండా బట్ట మీదికి పల్చగా లాగండి. అంచు మందంగా ఆగిపోతే అక్కడే ముందు ఊడుతుంది, పల్చగా కలిసిపోతే బట్టతో పాటే వంగుతుంది. దారంతో వదులుగా చుట్టి కదలకుండా ఉంచండి.

సీలెంట్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. గాలిలో తేమను తీసుకుని గట్టిపడుతూ ఎసిటిక్ యాసిడ్‌ను వదులుతుంది, వెనిగర్‌లో ఉండేదీ అదే. కిటికీలు తెరిచి పని చేయండి, పిల్లలను దూరంగా ఉంచండి. చేతికి అంటితే నీళ్లతో కడగొద్దు, పొడి కాగితంతో తుడిచేయండి.

మన ప్రాంతం వాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. నరసింహ జయంతి వైశాఖ మాసంలో వస్తుంది. అంటే ఏప్రిల్ చివర, మే నెల. నల్గొండ ఎండలు ఆ టైంలో ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఎండ బాగా కొడుతోంది కదా, డాబా మీద పెడితే గంటలో ఆరిపోతుందిలే అనుకుంటారు. సిలికాన్ సీలెంట్ తడి బట్టలా ఆరేది కాదు. దానికి కావాల్సింది ఎండ కాదు, తేమ. పొడిగాలిలో అది ఇంకా ఆలస్యంగా గట్టిపడుతుంది. మామూలు వాతావరణంలోనే 24 గంటల్లో రెండు, మూడు మిల్లీమీటర్ల లోతు వరకే గట్టిపడుతుంది. వేసవిలో అయితే గ్లోవ్స్‌ను నీడలో పెట్టి, పక్కన ఒక గిన్నెలో నీళ్లు ఉంచి, రెండింటి మీదా అట్టపెట్టె బోర్లించండి. ప్రోగ్రాంకు మూడు రోజుల ముందే పని ముగించాలి. వెనిగర్ వాసన పూర్తిగా పోయేవరకు పిల్లలకు తొడగొద్దు. వాసన వస్తోందంటే లోపల ఇంకా పచ్చిగానే ఉందని అర్థం.

కుట్టేస్తే సరిపోదా?

బట్టే కదా, సూదీదారంతో కుట్టేస్తే పోలా అనిపిస్తుంది. కానీ సిలికాన్ బాగా సాగినా, ఒక్కసారి గాటు పడితే అక్కడి నుంచి సర్రున చిరుగుతుంది. సూది దూరిన ప్రతి రంధ్రం ఒక గాటే. నాలుగుసార్లు లాగితే కుట్టు వెంబడి ముక్క ఊడొస్తుంది.

కుట్టే పనికొచ్చేలా చేసే ఉపాయం మాత్రం ఉంది. దోమతెర బట్ట ముక్కను గోరు అడుగు కంటే సెంటీమీటరు వెడల్పుగా కత్తిరించండి. గోరు అడుగున సీలెంట్ పూసి, ఆ నెట్‌ను అందులో ముంచినట్టు అద్దండి. సిలికాన్ నెట్ రంధ్రాల గుండా అటూ ఇటూ కలిసిపోతుంది. గట్టిపడ్డాక బయటికి మిగిలిన నెట్ అంచును గ్లోవ్‌కు కుట్టండి. సూది నెట్‌లోంచి వెళుతుంది, సిలికాన్‌ను ముట్టుకోదు. మా లెక్కలో అన్నిటికంటే గట్టిగా నిలిచేది ఈ పద్ధతే. పదిసార్లు వేయాల్సిన వేషానికి, ఊరూరా తిరిగి ఆడే నాటక బృందాలకు ఇదే సరైనది. ఒక గోరు పాడైతే కుట్టు విప్పి కొత్తది పెట్టుకోవచ్చు.

గోళ్లు కొనకుండా ఇంట్లోనే చేయొచ్చు

ఆన్‌లైన్ ఆర్డర్ టైంకు రాలేదా? కిరాణా షాపులో కార్న్‌ఫ్లోర్ తెచ్చుకోండి. మక్కపిండి కాదు.. మంచూరియాలో వేసే తెల్లటి మెత్తని పొడి. వెనిగర్ వాసన వచ్చే రకం సీలెంట్‌లో అంతే పరిమాణం కార్న్‌ఫ్లోర్ వేసి, చేతికి పాలిథిన్ గ్లోవ్ తొడుక్కుని పిసికితే చపాతీ ముద్దలా అవుతుంది. పిండిలో ఉండే తేమ ముద్ద లోపలికంతా చేరుతుంది కాబట్టి రోజులు పట్టాల్సిన పని చాలా తొందరగా అయిపోతుంది. కొద్ది నిమిషాల్లోనే బిగుసుకోవడం మొదలవుతుంది, అందుకే ఒకసారికి రెండు, మూడు గోళ్లకు సరిపడా మాత్రమే కలపండి. ముందే సీలెంట్ రుద్ది ఉంచిన వేలి కొన మీదే ఆ ముద్దను గోరులా మలిస్తే రెండూ కలిసి ఒకే ముక్కగా గట్టిపడతాయి. విడిగా అతికించే పనే లేదు. ఈ పనికి వెనిగర్ వాసన లేని న్యూట్రల్ రకాలను నమ్ముకోవద్దు.

రంగు కూడా ఆ ముద్దలోనే కలపాలి. ఆరాక పైన పెయింట్ వేస్తే, గమ్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది. ఆర్టిస్టులు వాడే ఆయిల్ కలర్ శనగగింజంత వేస్తే చాలు. గట్టిపడ్డాక కాస్త టాల్కమ్ పౌడర్ అద్దండి, లేదంటే స్టేజీ మీది దుమ్మంతా గోళ్లకే ఉంటుంది.

సినిమా మేకప్ వాళ్లు వాడే రెండు సీసాల సిలికాన్‌తో అచ్చు పోసుకోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట. అందులో ప్లాటినం రకం, టిన్ రకం అని రెండున్నాయి. చర్మానికి తగిలేవాటికి ప్లాటినం రకం వాడతారు. కానీ అది గంధకానికి పడదు. లేటెక్స్ గ్లోవ్స్ వేసుకుని కలిపినా, గంధకం ఉన్న బంకమట్టితో అచ్చు చేసినా ఎన్ని రోజులైనా జిగటగానే ఉండిపోతుంది. డాక్టర్లు వాడే గ్లోవ్స్ వేసుకుంటే శుభ్రం అనుకుంటాం కదా.. అవి లేటెక్స్‌వి అయితే ఇక్కడ పని చెడేది అక్కడే. వినైల్ రకం వాడాలి.

వేషం వేశాక..

తెలుగు నాటకానికి నరసింహుడు కొత్త కాదు. తొలి తెలుగు టాకీ 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’. తమిళనాడు తంజావూరు జిల్లా మెలట్టూరులో ఇప్పటికీ నరసింహ జయంతి రోజుల్లో తెలుగులోనే ప్రహ్లాద నాటకం ఆడతారు, నరసింహుడి ముఖాన్ని పూజించి మరీ తొడుక్కుంటారు. అక్కడ వేషం వేసేది ఏళ్ల తరబడి అలవాటైన పెద్దవాళ్లు. మన ఇంట్లో వేసేది ఒకటో తరగతి పిల్లాడు. వాడికి హారతి పళ్లెం పట్టుకోమని ఇస్తారు, దీపం వెలిగించమంటారు. సిలికాన్ మంటను కాసేపు తట్టుకుంటుంది కానీ, కింద ఉన్న నైలాన్ గ్లోవ్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కాటన్ అయితే అంటుకుంటుంది. గ్లోవ్స్‌తో నిప్పు దగ్గరికి పంపొద్దు.

గ్లోవ్ మణికట్టు దగ్గర ముడివేయకుండా ఎలాస్టిక్ పెట్టండి, పిల్లాడు తనంతట తానే లాగేసుకోగలగాలి. ప్రతి గోరునూ తొడిగే ముందు గట్టిగా ఒకసారి గుంజి చూడండి. మూడేళ్లలోపు పిల్లలు పక్కన ఉంటే ఊడిన గోరు నేరుగా నోట్లోకే వెళుతుంది.

ఇక స్టేజీ పక్కన ఆఖరి నిమిషంలో గోరు ఊడిందంటే.. గమ్ ట్యూబ్ కోసం వెతకొద్దు. గ్లోవ్ తీయించి, గోరుకు దోమతెర నెట్ ఉంటే రెండు కుట్లు వేయండి. లేదంటే ఆ గోరును వదిలేయండి. తొమ్మిది గోళ్లున్నా హిరణ్యకశిపుడు పడిపోతాడు.